ఇంట్లో కంప్యూటర్‌కి వైఫై నెమ్మదిస్తే: ఎక్కడ ఆగుతోందో కనిపెట్టి సరిచేసుకునే పద్ధతి

నెట్ నెమ్మదించగానే చాలా ఇళ్లలో జరిగేది ఒకటే. వైఫై డబ్బా ఆపి మళ్లీ ఆన్ చేస్తారు. కాసేపు బాగుంటుంది, సాయంత్రానికి మళ్లీ మామూలే. కనెక్షన్ ఇచ్చినవాళ్లకి ఫోన్ చేస్తే పై ప్లాన్‌కి మారమంటారు. వంద ఎంబీపీఎస్ ప్లాన్ కాస్తా రెండొందలు అవుతుంది, నెలనెలా బిల్లు పెరుగుతుంది, లోపలి గదిలోని కంప్యూటర్‌కి మాత్రం అదే పదిహేను, ఇరవై. ఎందుకంటే అడ్డం పడింది ప్లాన్ కాదు. మధ్యలో ఉన్న గోడ కావచ్చు, ఇనప బీరువా కావచ్చు, సీపీయూ వెనక యూఎస్‌బీలో గుచ్చిన చిన్న వైఫై డాంగిల్ కావచ్చు.

నెట్ మన కంప్యూటర్ దాకా మూడు అంచెల్లో వస్తుంది. వీధి స్తంభం నుంచి ఇంట్లోని ఫైబర్ డబ్బా దాకా ఒకటి. ఆ డబ్బా నుంచి గాలిలో కంప్యూటర్ దాకా రెండోది. కంప్యూటర్ లోపల డ్రైవర్లు (వైఫై కార్డుని నడిపించే సాఫ్ట్‌వేర్), ప్రోగ్రాములు మూడోది. ఏ అంచెలో ఆగుతోందో తేలకముందే సెట్టింగులు మార్చడం, కొత్త రౌటర్ కొనడం దండగ ఖర్చు. అందుకే మొదటి పని కొలవడం.

ముందు ఒక లెక్క సరిచూసుకోండి

ప్లాన్‌లో చెప్పేది మెగాబిట్లు. డౌన్‌లోడ్ అవుతున్నప్పుడు కంప్యూటర్ చూపించేది చాలాసార్లు మెగాబైట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి 100 ఎంబీపీఎస్ ప్లాన్‌లో ఫైలు దిగే వేగం సెకనుకు 12.5 మెగాబైట్లకు మించదు. 11 చూపిస్తోందంటే మీ నెట్ బ్రహ్మాండంగా ఉన్నట్టే. "వంద అని చెప్పి పదకొండే ఇస్తున్నారు" అని గొడవ పడేవాళ్లలో చాలామందికి అసలు సమస్యే లేదు.

ఇప్పుడు అసలు పరీక్ష. ల్యాప్‌టాప్‌ని డబ్బా దగ్గరికి తీసుకెళ్లి ల్యాన్ వైరుతో కలపండి. ల్యాప్‌టాప్‌లో వైఫై ఆపేయండి, లేకపోతే దేని వేగం కొలుస్తున్నామో తెలియదు. టీవీ, ఇంట్లోవాళ్ల ఫోన్లు కాసేపు వైఫై నుంచి తప్పించండి. ఆఫీసు వీపీఎన్ ఉంటే కాసేపు ఆపేయండి. అప్పుడు స్పీడ్ టెస్ట్ చేయండి. మధ్యాహ్నం ఒకసారి, రాత్రి తొమ్మిదింటికి ఒకసారి చేసి రెండు అంకెలూ రాసి పెట్టుకోండి. ల్యాన్ సాకెట్ లేని పల్చటి ల్యాప్‌టాప్ అయితే యూఎస్‌బీ నుంచి ల్యాన్‌కి మార్చే అడాప్టర్ దొరుకుతుంది. అదీ లేకపోతే డబ్బా పక్కనే నిలబడి మంచి ఫోన్‌తో 5 గిగాహెర్ట్జ్ వైఫై (పేరు చివర 5జీ అని ఉండేది) మీద కొలవండి. అది కొంచెం తక్కువ చూపించినా అంచనాకి పనికొస్తుంది.

వైరుతో వేగం సరిగ్గా వస్తే బయటి లైను మంచిదే, లోపం ఇంట్లోనే ఉంది. వైరుతోనూ రాకపోతే వైఫై సెట్టింగులతో కుస్తీ పట్టొద్దు, నేరుగా ఈ వ్యాసం చివరి భాగానికి వెళ్లండి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. 200 లేదా 300 ప్లాన్ ఉండి, వైరుతో ఎప్పుడు చూసినా 94, 95 దగ్గరే ఆగిపోతోందంటే లైను తప్పు కాదు. చవక డబ్బాల్లో ల్యాన్ సాకెట్లు 100 ఎంబీపీఎస్‌వే ఉంటాయి. లేదా వైరు పాడైంది. ల్యాన్ వైరులో ఎనిమిది తీగలుంటాయి. 100 వేగానికి నాలుగు చాలు, 1000కి ఎనిమిదీ కావాలి. తలుపు సందులో నలిగి మిగతా నాలుగింట్లో ఒక్క తీగ తెగినా నెట్ ఆగదు, చప్పుడు చేయకుండా 100కి దిగిపోతుంది. విండోస్‌లో ఈథర్‌నెట్ ప్రాపర్టీస్ తెరిస్తే లింక్ స్పీడ్ దగ్గర 100 అనో 1000 అనో కనిపిస్తుంది. 100 అని ఉంటే వేరే వైరు పెట్టి చూడండి. క్యాట్ 5ఈ గానీ క్యాట్ 6 గానీ అయ్యుండాలి. ఫైబర్ డబ్బా ఒకటి, సొంత రౌటర్ ఒకటి ఉన్న ఇళ్లలో ఆ రెండింటి మధ్య వైరుదీ ఇదే కథ.

కంప్యూటర్ చెప్పే నాలుగు వివరాలు

లోపం ఇంట్లోనే అని తేలాక, నెమ్మదిగా ఉన్న కంప్యూటర్‌ని దాని చోటు నుంచి కదపకుండా వైఫైకి కలిపి ఉంచి, విండోస్ 11లో సెట్టింగ్స్, అందులో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, అందులో వైఫై, ఆ తర్వాత మీ నెట్‌వర్క్ ప్రాపర్టీస్ తెరవండి. కిందికి జరిపితే ప్రోటోకాల్, నెట్‌వర్క్ బ్యాండ్, నెట్‌వర్క్ ఛానెల్, లింక్ స్పీడ్ అనే వరసలు ఉంటాయి. సగం రోగం ఇక్కడే బయటపడుతుంది.

లింక్ స్పీడ్ అంటే కంప్యూటర్‌కీ డబ్బాకీ మధ్య గాలిలో కుదిరిన వేగం. మనకి నిజంగా అందేది అందులో సగం, మహా అయితే పదింట ఆరు పాళ్లు. అక్కడ 72 అని ఉంటే మీ ప్లాన్ ఐదొందలైనా చేతికొచ్చేది నలభై చుట్టుపక్కలే. 72 అంటే సాధారణంగా 2.4 గిగాహెర్ట్జ్ మీద ఒకే యాంటెన్నాతో నడుస్తోందని అర్థం. 144 అంటే అదే బ్యాండ్‌లో రెండు యాంటెన్నాలు. 433, 866 లాంటివి కనిపిస్తే 5 గిగాహెర్ట్జ్ మీద బాగా కలిసినట్టు. లింక్ స్పీడ్ 866 ఉండి కూడా నెట్ పాకుతోందంటే గాలి అంచె మంచిదే. కంప్యూటర్‌నో, ఇంట్లో నెట్ వాడేస్తున్న ఇంకోదాన్నో అనుమానించాలి.

మ్యాక్‌లో అయితే ఆప్షన్ కీ నొక్కి పట్టుకుని పైన వైఫై గుర్తు మీద క్లిక్ చేయండి. అక్కడ ఆర్‌ఎస్‌ఎస్‌ఐ అని మైనస్ అంకె వస్తుంది. మైనస్ 50 దగ్గర ఉంటే సిగ్నల్ చాలా బాగుంది. మైనస్ 67 దాకా వీడియో కాల్ ఇబ్బంది లేకుండా నడుస్తుంది. మైనస్ 75 దాటిందంటే పేజీ తెరుచుకోవడమే కష్టం.

వేగం ఒక్కటే కాదు, నిలకడ కూడా చూడాలి. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇంగ్లీషులో పింగ్ అని టైప్ చేసి, ఖాళీ వదిలి డబ్బా అడ్రస్ ఇవ్వండి. చాలావాటికి అది 192.168.1.1. కొన్నింటికి 192.168.0.1 గానీ 192.168.29.1 గానీ ఉంటుంది. డబ్బా అడుగున స్టిక్కర్ మీద రాసి ఉంటుంది. చివర్లో ఖాళీ వదిలి మైనస్ గుర్తు, దాన్ని ఆనుకుని టి అక్షరం పెడితే మనం ఆపేదాకా నడుస్తుంది. కంట్రోల్, సి కలిపి నొక్కితే ఆగుతుంది. డబ్బా నుంచి జవాబు వచ్చే సమయం రెండు, మూడు, ఐదు మిల్లీసెకన్లలో ఆడుతుంటే గాలి అంచె శుభ్రంగా ఉంది. ఉన్నట్టుండి 200, 400కి ఎగురుతున్నా, రిక్వెస్ట్ టైమ్‌డ్ ఔట్ అని వస్తున్నా కంప్యూటర్‌కీ డబ్బాకీ మధ్యే తెగుతోంది. ఇంకో విండోలో బయట ఉన్న గూగుల్ సర్వర్ అడ్రస్ 8.8.8.8కి కూడా ఇలాగే పెట్టండి. డబ్బాకి నిలకడగా ఉండి దీనికి మాత్రం ఎగురుతుంటే లోపం ఇల్లు దాటాక ఉంది. కస్టమర్ కేర్ వాళ్లతో మాట్లాడేటప్పుడు ఈ రెండు విండోల ఫోటో చాలా పనిచేస్తుంది.

2.4 మీద ఉంటే 5కి మార్చండి

ఇప్పుడొచ్చే డబ్బాల్లో చాలావరకు రెండు బ్యాండ్‌లూ ఇస్తాయి. 2.4 గిగాహెర్ట్జ్ గోడలు దాటి దూరం వెళ్తుంది గానీ ఇరుకు. బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్, పక్క ఫ్లాట్ల వైఫైలు అన్నీ ఆ సందులోనే తిరుగుతాయి. 5 గిగాహెర్ట్జ్ విశాలం, వేగం, కానీ ఇటుక గోడ దాటేసరికి నీరసపడుతుంది. వైఫై పేర్ల జాబితాలో చివర 5జీ అని కనిపించేది ఇదే. దానికీ మొబైల్ 5జీకీ సంబంధం లేదు.

రెండు బ్యాండ్‌లకీ ఒకే పేరు ఉంటే ఏది పట్టుకోవాలో కంప్యూటరే నిర్ణయించుకుంటుంది. హాల్లో కూర్చుని కూడా 2.4నే పట్టుకుని కూర్చునే ల్యాప్‌టాప్‌లు బోలెడు. డబ్బా అడ్రస్‌ని బ్రౌజర్‌లో కొట్టి లోపలికి వెళ్లి రెండింటికీ వేర్వేరు పేర్లు పెట్టండి, కంప్యూటర్‌లో 5 పేరుకే కలిపి పాతదాన్ని ఫర్‌గెట్ చేయండి. స్మార్ట్ బల్బులు, సీసీ కెమెరాల్లాంటివి ఎక్కువగా 2.4 మీదే పనిచేస్తాయి, వాటిని అక్కడే ఉంచండి. జాబితాలో 5 పేరే కనిపించకపోతే, మీ కంప్యూటర్‌లోని వైఫై కార్డుకి ఆ శక్తి లేదేమో చూడాలి. 150 ఎంబీపీఎస్ అని అట్ట మీద రాసిన బుల్లి డాంగిళ్లలో ఎక్కువ శాతం 2.4 మాత్రమే పట్టుకుంటాయి. రెండు బ్యాండ్‌ల డాంగిల్‌కి మారితే వచ్చే తేడా, ప్లాన్ పెంచితే రాదు.

డబ్బా ఉన్న చోటు

అన్నిటికన్నా ఎక్కువ ఫలితం ఇచ్చేది, రూపాయి ఖర్చు లేనిది ఇదే. మన ఇళ్లలో డబ్బాని ఎక్కడ పెట్టాలో నిర్ణయించేది వైరు లాగడానికి వచ్చిన అబ్బాయి. గుమ్మం పక్కనుంచి వైరు వస్తుంది కాబట్టి అక్కడే చెప్పుల స్టాండ్ మీదో, టీవీ వెనకో, ఎలక్ట్రికల్ డీబీ (ఫ్యూజుల పెట్టె) పక్కనో మేకు కొట్టి వెళ్లిపోతాడు. ఇల్లంతా అటువైపు ఉంటుంది, సిగ్నల్‌లో సగం మెట్ల వైపు పోతుంది.

ఇనప బీరువా వైఫైకి గోడకన్నా పెద్ద శత్రువు. తొమ్మిదంగుళాల ఇటుక గోడ సిగ్నల్‌ని బలహీనపరుస్తుంది, బీరువా దాదాపు ఆపేస్తుంది. ఫ్రిజ్, నీళ్లు నిండిన అక్వేరియం, పెద్ద నిలువుటద్దం, ఇన్వర్టర్ బ్యాటరీలు కూడా అంతే. కంప్యూటర్ దగ్గర కూర్చుని డబ్బా వైపు ఒక గీత ఊహించుకోండి. ఆ గీత మీద ఏమేం పడుతున్నాయో చూడండి. చాలాసార్లు బీరువాని పక్క గోడకి జరపడమో, డబ్బాని నాలుగడుగులు ఇటు తేవడమో చాలు.

డబ్బా నేల మీద గానీ అటక మీది సామాన్ల మధ్య గానీ ఉండకూడదు. మనిషి ఎత్తులో, నాలుగు వైపులా ఖాళీగా, వీలైతే ఇంటి మధ్యలో ఉండాలి. చెక్క కప్‌బోర్డులో మూసిపెట్టి తలుపేస్తే వేడెక్కుతుంది కూడా, మన ఎండాకాలాల్లో అది చిన్న విషయం కాదు. యాంటెన్నాలు నిటారుగా ఉంటే సిగ్నల్ అదే అంతస్తులో చుట్టూ పరుచుకుంటుంది. డూప్లెక్స్ ఇల్లైతే ఒకదాన్ని అడ్డంగా వంచి చూడండి. పై అంతస్తుకి ఆర్‌సీసీ స్లాబ్ దాటాలంటే మాత్రం యాంటెన్నా తిప్పడంతో పని జరగదు, దాని సంగతి తర్వాత చెబుతాను.

డబ్బాని జరపడానికి ఫైబర్ వైరుని మీరే లాగొద్దు. లోపల ఉన్నది గాజు. మడత పడితే వెలుగు కారిపోయి వేగం, నిలకడ రెండూ పోతాయి. లైన్‌మ్యాన్‌ని పిలిచి పొడుగు ప్యాచ్ కార్డ్ (రెండు చివరలా ప్లగ్గున్న ఫైబర్ వైరు) వేయించుకోండి. లేదా ఫైబర్ డబ్బాని అక్కడే ఉంచి, ల్యాన్ వైరుతో వేరే రౌటర్‌ని ఇంటి మధ్యలోకి తెచ్చుకోండి. అలా చేసినప్పుడు ఫైబర్ డబ్బాలోని వైఫై ఆపేయాలి. రెండూ పక్కపక్కన పోటీపడితే ఒకదాన్నొకటి చెడగొట్టుకుంటాయి.

డెస్క్‌టాప్‌లదీ దాదాపు ఇదే గోల. మా చిన్నాన్నగారింట్లో టేబుల్ కింద సీపీయూ, దాని వెనక గోడవైపు వైఫై డాంగిల్, పక్కనే నీలం సాకెట్‌లో బయటి హార్డ్ డిస్క్. ఫోటోలు కాపీ పెట్టినప్పుడల్లా నెట్ చచ్చిపోయేది, కాపీ అయిపోగానే లేచేది. ఆయన వైరస్ అనుకుని ఫార్మాట్ కూడా చేయించారు. కారణం యూఎస్‌బీ 3.0. అది నడుస్తున్నప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రేడియో రొద పుడుతుందని ఇంటెల్ సంస్థ 2012లోనే ఒక సాంకేతిక పత్రంలో వివరించింది. ఒక యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ వైరు తెచ్చి డాంగిల్‌ని టేబుల్ మీదకి, మానిటర్ పక్కకి చేర్చాం. అంతటితో ఆ బెడద పోయింది. సీపీయూ రేకు డబ్బా కూడా డాంగిల్‌కి అడ్డం కాకుండా పోయింది. కంప్యూటర్‌లో లోపలి వైఫై కార్డు ఉంటే వెనక యాంటెన్నాలు బిగించి ఉన్నాయో లేదో చూడండి. కొన్నప్పుడు ఇచ్చిన యాంటెన్నాలు అట్టపెట్టెలోనే ఉండిపోయిన ఇళ్లున్నాయి.

అపార్ట్‌మెంట్లలో ఛానెల్ గొడవ

కొండాపూర్‌లోనో మియాపూర్‌లోనో పెద్ద అపార్ట్‌మెంట్‌లో వైఫై జాబితా తెరిస్తే పేర్లు కిందికి జారుతూనే ఉంటాయి. ఒకే ఛానెల్ (బ్యాండ్‌లోని ఒక చిన్న దారి) మీద ఉన్నవాళ్లంతా ఒకే గదిలో మాట్లాడుతున్నట్టే, ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు ఆగాలి. 2.4లో ఒకదానికొకటి తగలనివి 1, 6, 11 మూడే. మధ్యలో 3నో 8నో పెట్టుకుంటే ఇద్దరికీ అడ్డం. ఫోన్‌లో వైఫై ఎనలైజర్ యాప్ వేసి చూసి, ఈ మూడింట్లో ఖాళీగా ఉన్నదాన్ని డబ్బా సెట్టింగుల్లో ఎంచుకోండి. ఛానెల్ విడ్త్ (ఆ దారి వెడల్పు) 20 మీదే ఉంచండి. 40 అంటే ఎక్కువ అని ఆశపడితే జనం ఉన్నచోట నష్టమే.

5లో ఇబ్బంది తక్కువ. 36 నుంచి 48, 149 నుంచి 161 మధ్య ఏదైనా పెట్టి, విడ్త్ 80 ఇవ్వండి. మధ్యలోని 52 లాంటి ఛానెళ్లు రాడార్లతో పంచుకునేవి. రాడార్ వినబడితే డబ్బా ఛానెల్ వదిలేయాలి, అందుకని నెట్ హఠాత్తుగా తెగి వస్తుంది.

అదే పేజీలో సెక్యూరిటీ కూడా చూడండి. పాత టీకేఐపీ పద్ధతి మీద ఉంటే వైఫై 54 ఎంబీపీఎస్ దాటదు. డబ్ల్యూపీఏ2 ఏఈఎస్ గానీ డబ్ల్యూపీఏ3 గానీ పెట్టండి. కలిసి ఉన్న పరికరాల జాబితాలో తెలియని పేర్లుంటే పాస్‌వర్డ్ మార్చేయండి.

కంప్యూటర్ లోపల

అదే చోట ఫోన్‌కి బాగా వచ్చి కంప్యూటర్‌కి రాకపోతే లోపం దీంట్లోనే. ముందు డ్రైవర్. డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ అడాప్టర్స్ కింద కార్డు పేరు చూసి, ల్యాప్‌టాప్ తయారీదారు సైట్ నుంచి డ్రైవర్ తెచ్చుకోండి. డ్రైవర్ అప్‌డేటర్ అంటూ ప్రకటనల్లో వచ్చే ప్రోగ్రాముల జోలికి పోవద్దు. విండోస్ అప్‌డేట్ తర్వాతే పాడైందంటే అక్కడే ఉన్న రోల్ బ్యాక్ వాడండి.

ఆ కార్డు మీద డబుల్ క్లిక్ చేస్తే పవర్ మేనేజ్‌మెంట్ ఉంటుంది. కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపొచ్చు అనే టిక్కు తీసేయండి. చార్జర్ పెట్టినప్పుడు బాగుండి, తీయగానే నెమ్మదించే ల్యాప్‌టాప్‌లకి ఇది పనిచేయొచ్చు. అడ్వాన్స్‌డ్‌లో ప్రిఫర్డ్ బ్యాండ్ అని ఉంటే 5 ఎంచుకోండి.

తర్వాత టాస్క్ మేనేజర్ తెరిచి నెట్‌వర్క్ వరస మీద క్లిక్ చేస్తే నెట్ ఎక్కువ తాగుతున్నది పైకొస్తుంది. విండోస్ అప్‌డేట్, క్లౌడ్ బ్యాకప్, గేముల అప్‌డేట్లే ఎక్కువగా కనిపిస్తాయి. విండోస్ అప్‌డేట్‌లోని డెలివరీ ఆప్టిమైజేషన్‌లో ఇతర పీసీలతో పంచుకోవడం ఆపేయండి. ఇంకో సంగతి. పెళ్లి నుంచి రాగానే ఇంట్లో అందరి ఫోన్లూ ఫోటోలు, వీడియోలు క్లౌడ్‌కి ఎక్కిస్తుంటాయి. అప్‌లోడ్ దారి నిండిపోతే డౌన్‌లోడ్ కూడా తడబడుతుంది. అమెరికాలో ఉన్న అబ్బాయితో వీడియో కాల్ ముక్కలవుతుంటే ముందు ఈ ఫోన్ల సంగతి చూడండి.

ఏదీ పనిచేయకపోతే నెట్‌వర్క్ రీసెట్ ఉంది. అది దాచుకున్న వైఫై పాస్‌వర్డులన్నీ చెరిపేస్తుంది కాబట్టి ముందే రాసి పెట్టుకోండి.

అయినా ఆ గదికి అందకపోతే

డెస్క్‌టాప్‌కి నా మొదటి సలహా ల్యాన్ వైరు. కదలని యంత్రానికి గాలిలో నెట్ ఎందుకు? గోడ వారగా కేసింగ్ వేసి క్యాట్ 6 వైరు లాగితే పీడ వదులుతుంది. కొత్త ఇల్లు కట్టుకుంటున్నవాళ్లు ప్రతి గదికీ ల్యాన్ పైపు వేయించమని ఎలక్ట్రీషియన్‌కి ఇప్పుడే చెప్పండి, గోడలు పూత పూశాక ఏడ్చి లాభం లేదు.

పై అంతస్తుకైతే పైకి ఒక వైరు తీసుకెళ్లి అక్కడ రెండో రౌటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో (వేరే నెట్‌వర్క్ పెట్టకుండా వైఫైని మాత్రమే పంచే పద్ధతి) పెట్టండి. వైరు కుదరకపోతే మెష్, అంటే గాలిలోనే ఒకదానితో ఒకటి కలిసి ఇల్లంతా ఒకే వైఫైగా నడిచే రౌటర్ల సెట్. ప్లగ్‌లో గుచ్చే చవక రిపీటర్ చివరి మాట. అది ఒకే బ్యాండ్‌లో విని అందులోనే తిరిగి చెబుతుంది కాబట్టి వేగం దాదాపు సగమవుతుంది. తప్పనిసరైతే దాన్ని సిగ్నల్ చచ్చిపోయిన గదిలో కాకుండా, సిగ్నల్ ఇంకా బాగున్న సగం దూరంలో పెట్టండి.

వైరుతోనూ నెమ్మదిగా ఉంటే

ఫైబర్ డబ్బా మీద పాన్ (PON) అని రాసిన దీపం ఆకుపచ్చగా నిలిచి ఉండాలి. లాస్ (LOS) దగ్గర ఎర్ర దీపం వెలిగిందంటే ఫైబర్ తెగింది లేదా మడత పడింది. దీపాలు బాగున్నా వేగం లేకపోతే లైన్‌మ్యాన్ రాగానే "పవర్ ఎంత వస్తోంది?" అని అడగండి. పవర్ అంటే ఫైబర్‌లో వచ్చే వెలుగు బలం. అతని మీటర్ మీద అది మైనస్ 15 నుంచి 25 మధ్య ఉంటే ఫర్వాలేదు. మైనస్ 27 దగ్గరికి పోయిందంటే ఎక్కడో జాయింటు పాడైంది, దాన్ని సరిచేసేదాకా వదలొద్దు.

అడాప్టర్‌ని కూడా చూడండి. కరెంటు పోయి వచ్చే ఊళ్లలో పాత 12 వోల్టుల అడాప్టర్ బలహీనపడి డబ్బా తనంతట తాను రీస్టార్ట్ అవుతుంటుంది. అదే రేటింగున్న కొత్తది పెడితే సరిపోతుంది. రౌటర్ మినీ యూపీఎస్ ఉంటే మరీ మంచిది.

డేటా పరిమితి సంగతి యాప్‌లో చూసుకోండి. అన్‌లిమిటెడ్ అన్న ప్లాన్లలో చాలావాటికి నెలకి 3300 జీబీ లాంటి హద్దు ఉంటుంది, అది దాటాక వేగం బాగా దించేస్తారు. నెలాఖరులో మాత్రమే నెట్ పడిపోయే ఇళ్లు దీన్నే ముందు అనుమానించాలి. పగలు బాగుండి రాత్రి తొమ్మిదింటికి వైరు మీద కూడా సగానికి పడిపోతుంటే, ఆ ప్రాంతం లైను మీద జనం ఎక్కువైనట్టు. దాన్ని సరిచేయాల్సింది కంపెనీయే.

ఫిర్యాదు చేసేటప్పుడు "నెట్ రావట్లేదు" అనొద్దు. వైరుతో, వైఫై ఆపి, ఫలానా తేదీ ఫలానా టైముకి ఇంత వచ్చిందని అంకెలతో చెప్పండి, పింగ్ ఫోటోలు పంపండి. డాకెట్ నంబర్ (ఫిర్యాదు నంబర్) తప్పకుండా తీసుకోండి. దాంతో పరిష్కారం కాకపోతే, టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012 నిబంధనల ప్రకారం కంపెనీలో అప్పిలేట్ అథారిటీ (అప్పీలు వినే విభాగం) ఉండాలి. వ్యక్తిగత ఫిర్యాదులు ట్రాయ్ నేరుగా విచారించదు కాబట్టి అక్కడికే వెళ్లాలి. వివరాలు కంపెనీ వెబ్‌సైట్‌లో ఉంటాయి. అప్పీలులో డాకెట్ నంబర్, దాని తేదీ, మీరు రాసి పెట్టుకున్న మధ్యాహ్నం, రాత్రి వేగాలు జతచేయండి.